జయశీలకు లేని బర్రె

జయశీల ఇంట్లో బర్రె లేదు. ఎప్పుడూ లేదు. ఇస్నాపూర్ చౌరస్తా వెనక సందులో, మేడమీద రెండు గదుల కిరాయి ఇంట్లో ఆమె, భర్త సుందర్‌రాజు, పదో తరగతి చదివే కూతురు ఏంజెలిన్ ఉంటారు. పాలు పొద్దున్నే ప్యాకెట్లో వస్తాయి. అయినా సరే, ఇంటి దగ్గర తన గేదెకు గడ్డి కోస్తుండగా జయశీల కుడిచేతి వేళ్లు తెగిపోయాయని ఆమె పనిచేసిన కంపెనీ ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ప్రభుత్వానికి పంపింది.

"వేళ్లు పోయినప్పుడు ఏడ్చిన. బర్రె వచ్చినప్పుడు మాత్రం పిచ్చి లేసింది" అంటుంది జయశీల ఇప్పటికీ.

ఆమెను ఎరిగినవాళ్లకు ఆ పిచ్చి సంగతి తెలుసు. జయశీల మంచి మనిషే కానీ, తప్పు మాట చెవిన పడితే ఊరుకోలేదు. ఆదివారం గుడిలో పాస్టరు గారు పాట నంబరు పొరపాటున చదివితే ఆడవాళ్ల వరసలోంచి "గది గాదయ్యగారూ" అని అందరికీ వినబడేలా సరిదిద్దేది. సుందర్‌రాజు డోలక్ ముందు కూర్చుని తల దించుకునేవాడు. అతను షేర్ ఆటో నడుపుతాడు. ఎవరితోనూ గొడవపడడు. చిల్లర తక్కువిచ్చిన వాళ్లకు కూడా నవ్వుతూ దండం పెడతాడు. అలాంటి ఇద్దరికీ పెళ్లెలా కుదిరిందా అని గుడిలో వాళ్లే అనుకునేవాళ్లు.

మందుసీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీ అది. ఆ చుట్టుపక్కల జనం దాన్ని మూతల కంపెనీ అనే పిలుస్తారు. జయశీల అక్కడ కాంట్రాక్టు మీద మిషను దగ్గర పనిచేసేది. మిషనుకు ముందు గాజు తలుపు ఒకటి ఉంటుంది. అది తెరిస్తే లోపల మూతలు పోసే అచ్చు ఆగిపోవాలి. అలా ఆగేందుకే దానికొక స్విచ్చి పెట్టారు. కానీ మూతలు అప్పుడప్పుడూ అచ్చులో ఇరుక్కునేవి. ప్రతిసారీ తలుపు తీసి, ఆపి, మళ్లీ నడపాలంటే ఆలస్యం. అందుకని ఎవరో ఆ స్విచ్చిని టేపు చుట్టి నొక్కిపెట్టేశారు. తలుపు బార్లా తెరిచి ఉన్నా మిషను ఆగేది కాదు. పై వాళ్లందరికీ ఆ టేపు కనబడుతూనే ఉండేది. పని జోరుగా సాగుతోంది గనుక ఎవరూ దాని మాటెత్తలేదు. జయశీల మాత్రం ఎత్తింది. షిఫ్టు సూపర్‌వైజరు మధుబాబుతో "సార్, గా టేపు తీపియ్యుండ్రి" అని చెప్పింది. "చెప్తానమ్మా, మెయింటెనెన్సు వాళ్లకి చెప్తాను" అన్నాడతను.

ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇరుక్కున్న మూతను లాగడానికి జయశీల చెయ్యి పెట్టింది. అచ్చు మూసుకుంది.

పక్క బల్ల మీద మూతలు ఏరుతున్న శివమ్మ పరుగెత్తుకొచ్చి ఎర్ర బటను కొట్టింది. కొండాపూర్ మండలంలోని ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దావిడ ఆమె. తలకు చుట్టుకున్న చున్నీ తీసి జయశీల చేతికి చుట్టి, భుజం పట్టుకుని నిలబెట్టింది. మధుబాబు పరుగున వచ్చాడు. అతని ముఖం తెల్లగా పాలిపోయింది. కంపెనీ కారు తెప్పించి, తానే ఎక్కించి, సాయంగా శివమ్మనూ, ఆఫీసులోంచి హెచ్‌ఆర్ అమ్మాయి రమ్యశ్రీనీ పంపాడు.

కారు ఈఎస్ఐ దవాఖాన ముందు నుంచే పోయింది. అంత నొప్పిలోనూ జయశీలకు బోర్డు కనబడింది.

"గిదే గదా దవాఖాన? ముందటికెందుకు పోతున్రు?" అంది.

"అక్కడ లేటవుతుందక్కా. ప్రైవేటులో బాగా చూస్తారు" అంది రమ్యశ్రీ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

అక్కడికెళ్తే మొదట అడిగేది పనిలో దెబ్బ తగిలిందా, కంపెనీ రిపోర్టేదీ అని. ఆ సంగతి జయశీలకు అప్పటికి తెలియదు. జీతంలోంచి ఈఎస్ఐకి కోత పడుతోందని మాత్రం తెలుసు. ఆ కోత ఎందుకు పడుతుందో, దెబ్బ తగిలితే ఏమేం వస్తాయో, ఎవరికి చెప్పాలో పనిలో చేర్చుకున్న రోజు నుంచీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

నర్సింగ్ హోమ్ కౌంటరు దగ్గర రమ్యశ్రీ ఇంగ్లీషులో ఏదో చెప్పింది, వాళ్లు రాసుకున్నారు. పక్కన నిలబడ్డ శివమ్మకు అందులో ఒక్క మాటా అర్థం కాలేదు. ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు కాగితం అంటే, చక్కగా సంతకం చేయగల జయశీల ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. మెలకువ వచ్చేసరికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. ఉంగరపువేలు సగమే ఉంది.

బిల్లు కంపెనీయే కట్టింది. ప్లాంటు మేనేజరు స్వయంగా వచ్చి యాపిల్ పళ్ల సంచి మంచం మీద పెట్టి, "ఫికర్ మత్ కరో అమ్మా. నౌకరీ కహీఁ నహీఁ జాయేగీ" అన్నాడు, ఉద్యోగం ఎక్కడికీ పోదని. సుందర్‌రాజు చేతులు జోడించి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మంచోళ్లు జయా" అన్నాడు వాళ్లు వెళ్లాక.

జయశీలకు కూడా అలాగే అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు ఆమె తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది.

గాయం మానాక ఆమె పనికి పోతే గేటు దగ్గర సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు. పేరు లేదన్నాడు. లోపలికి కబురు పెడితే రమ్యశ్రీ గేటు దాకా వచ్చి, "అక్కా, మీరు మా రోల్స్‌లో లేరు. మీరు కాంట్రాక్టర్ మనుషులు. పాత కాంట్రాక్టర్ మారిపోయారు" అంది.

"మరి నా దెబ్బ సంగతి? ఈఎస్ఐల ఏమన్న ఇస్తరంట గదా? దానికి కంపెనీ రిపోర్టు గావాల్నంట?"

"అది కాంట్రాక్టరే ఇవ్వాలక్కా."

ఆ పాత కాంట్రాక్టరు శివశంకర్ ఆఫీసు ముత్తంగి దగ్గర, ఒక టైర్ల షాపు పైన. సుందర్‌రాజు ఆటోలో అక్కడికి వెళ్లారు.

"దెబ్బ తగిలింది కంపెనీల, నా ఇంట్ల గాదు. మిషిన్ వాళ్లది, జాగ వాళ్లది. రిపోర్టు వాళ్లే ఇయ్యాలె" అన్నాడు శివశంకర్, కుర్చీ కూడా చూపించకుండా.

మళ్లీ కంపెనీకి వెళ్లారు. మళ్లీ శివశంకర్ దగ్గరికి. ఒకసారి అతను లేడన్నారు. ఒకసారి రమ్యశ్రీ మీటింగులో ఉందన్నారు. ఇంకోసారి సార్ వాళ్లు ఆడిట్‌లో ఉన్నారు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం పోతే, ఏ వారం అన్నారో గుర్తులేదన్నారు. ఎండలో గేటు ముందు నిలబడి జయశీల ఒంటి చేత్తో చెమట తుడుచుకునేది. అవతల సుందర్‌రాజు ఆటో ఖాళీగా ఉండేది, బేరాలన్నీ వేరేవాళ్లకు పోయేవి.

ఒకరోజు ఆమెకు ఓపిక పూర్తిగా పోయింది. తన ఫోన్ నుంచి శివశంకర్‌కు, మొగుడి ఫోన్ నుంచి రమ్యశ్రీకి చేసింది. ఇద్దరూ ఎత్తారు. రెండు ఫోన్లూ స్పీకర్లో పెట్టి, ఆటో సీటు మీద ఎదురెదురుగా ఆనించింది.

"ఇగ మీరిద్దరు మాట్లాడుకోండ్రి. నేను ఇంటా. ఎవ్వరు ఇయ్యాల్నో మీరే తేల్చుండ్రి" అంది.

దాదాపు ఒకేసారి రెండు ఫోన్లూ కట్ అయ్యాయి.

సుందర్‌రాజు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఇగ ఇడిచిపెట్టు జయా. దేవుడే చూసుకుంటడు" అన్నాడు.

"దేవుడు చూస్తనే ఉన్నడు. రిపోర్టు రాసేది దేవుడు గాదు గదా!" అంది జయశీల. "నడువ్. ఆ ఈఎస్ఐ ఆఫీసుకే పోదాం."

ఆఫీసు కౌంటరులో అరుణ అనే ఉద్యోగిని ఆమె నంబరు కంప్యూటర్లో కొట్టి చూసింది. నింపాదిగా, అడిగిందానికి అడిగినట్టు జవాబు చెప్పే మనిషి. "మీ పేరుంది, నంబరుంది. ప్రతి నెలా కోత పడింది, మాకు జమ అయింది. అన్నీ ఉన్నాయమ్మా. ప్రమాదం ఒక్కటే లేదు" అంది.

"లేదంటే?"

"మా దగ్గర ఉన్నదాని ప్రకారం మీకు ప్రమాదం జరగలేదు. పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ వాళ్లు వెంటనే మాకు తెలపాలి. ఇష్టమైతే తెలపడం కాదు, తెలిపి తీరాలి. వాళ్లు తెలపలేదు."

జయశీల కుడిచెయ్యి ఎత్తి కౌంటరు మీద పెట్టింది. "మరి గివెటు పోయినయ్ మేడమ్?"

అరుణ ఆ చేతిని చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్లు ఇవ్వకపోతే మీ దారి మూసుకుపోయినట్టు కాదు. మీరూ రాసివ్వొచ్చు. ఏ రోజు, ఏ మిషను, ఎవరు చూశారు, అన్నీ రాయండి. మేం వాళ్లను సమాధానం అడుగుతాం" అంది.

ఏంజెలిన్ రాసిపెడతానంది. జయశీల ఒప్పుకోలేదు. ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్ల రాసినట్టు, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని రాసింది. సాక్షులు అన్నచోట శివమ్మ పేరు రాసే ముందు ఆమెకు ఫోన్ చేసింది.

"నా పేరు రాయకు బిడ్డా" అంది శివమ్మ. "గీ ఉద్యోగం గిన పోతే నాకు ఇంకోటి దొరకదు. నీకెరుక గదా."

జయశీల ఆ చోటు ఖాళీగా వదిలేసింది. ఆమెకు శివమ్మ మీద కోపం రాలేదు. ఖాళీగా ఉన్న ఆ చోటు మీద మాత్రం చాలా కోపం వచ్చింది.

తర్వాత కొన్ని వారాలకు అరుణ పిలిపించింది. కంపెనీ నుంచి జవాబు వచ్చిందట. అరుణ చదువుతుంటే జయశీల, సుందర్‌రాజు నిలబడి విన్నారు. సదరు కార్మికురాలు ఆ రోజు సెలవులో ఉన్నది. తన స్వగృహం వద్ద గేదెకు మేత నిమిత్తం గడ్డి కోసే మిషను నడుపుచుండగా ప్రమాదవశాత్తు గాయపడినది. మానవతా దృక్పథంతో వైద్య ఖర్చులు మేము భరించితిమి. ఇందుకు నర్సింగ్ హోమ్ కాగితం జత చేయడమైనది. అందులోనూ అలాగే ఉంది. ఇంటి దగ్గర, గడ్డి మిషను. కింద జయశీల బొటనవేలి ముద్ర.

జయశీలకు మొదట నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. "బర్రెనా? మాకా?" అని మొగుడి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే అరుపైపోయింది.

"మేడమ్, మేముండేది మేడమీద! మా ఇంట్ల బట్టలారేసుకునెతందుకే జాగ లేదు! బర్రె యాడుంటది? మా అయ్య దగ్గర గూడ లేదు. నాకు పాలు పిండుడు గూడ రాదు. గిదెవడు రాసిండు? ఎవడు సూసిండు నా బర్రెను?"

ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు. సుందర్‌రాజు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె విదిలించుకుంది.

"అరవకండమ్మా" అంది అరుణ. "విచారణకు మా ఆఫీసరు గారొస్తారు. ఆయనకు చెప్పండి."

ఇంటికి వెళ్లే దారిలో సుందర్‌రాజు మళ్లీ అదే మాట అన్నాడు, విడిచిపెట్టమని. పెద్ద కంపెనీలతో మనకెందుకని.

"నేను ఇడిచిపెడితే గా కాగితమే నిజమైతది. రేపు ఏంజెలిన్ పెండ్లికి గూడ, వీళ్లకొక బర్రె ఉండేనని చెప్పుకుంటరు" అంది జయశీల. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

విచారణాధికారి వెంకటరామయ్య రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చుకుని, "గేదెను ఎక్కడ కడతారమ్మా?" అని అడిగాడు.

జయశీల ముఖం ఎర్రబడింది. "రాండ్రి సార్. అన్నీ సూపెడ్త" అని తలుపులన్నీ ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. "ఇది వంటర్ర. ఇది బాత్రూమ్. గిండ్ల పడ్తదా సూడుండ్రి. గిది మేం పండుకునేది. మంచం కింద గూడ సూడుండ్రి, మళ్ల సూడలేదనకుండ్రి."

పక్క గదుల్లో ఉండే ఒడియా కుర్రాళ్లు బయటికొచ్చి, "భైంస్? కహాఁ హై భైంస్?" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఈ సందడికి కిందనుంచి ఇంటి ఓనరమ్మ పరుగున వచ్చింది. ఎవరో అధికారి గేదెను వెతుకుతున్నాడని విని ఆమెకు గుండె ఆగినంత పనైంది.

"ఏందమ్మా జయశీలా, బర్రెను తెస్తున్నవా? నేను మనుషులకే కిరాయికిచ్చిన! స్లాబు గిన దిగితే ఎవరు కట్టిస్తరు?"

"తేలేదమ్మా! లేదు! ఉత్తదే!" అని జయశీల అరిచింది.

"మరి సారెందుకు వచ్చిండు?"

"లేదని రాసుకునెతందుకు!"

వెంకటరామయ్య నవ్వలేదు. ఓనరమ్మ చెప్పింది, కుర్రాళ్లు చెప్పింది ఓపికగా విన్నాడు. అందరూ వెళ్లాక కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"మిమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి అడగలేదమ్మా. చూసి రాయాలి, చూడకుండా రాస్తే వాళ్లకీ నాకూ తేడా ఏముంది?" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఇలాంటి కాగితం నేనింతకు ముందూ చూశాను. ఆ కంపెనీదే. అప్పుడు చెయ్యి పోయింది వేరే అతనికి. అతనికీ గేదే, గడ్డి మిషనే" అన్నాడు.

"గాయన ఏమైండు సార్?"

"ఊరికెళ్లిపోయాడట. మేం రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. చెప్పేవాళ్లు లేక అది అక్కడితో ఆగిపోయింది."

జయశీల ఆ రోజు అన్నం తినలేదు. ఎవరో తెలియని ఒక మనిషి, తనలాగే చేతికి గుడ్డ చుట్టుకుని, లేని గేదెను మోసుకుని ఏ ఊరికో వెళ్లిపోయాడు. అది తలచుకున్నకొద్దీ ఆమెకు దుఃఖం కాదు, చిరాకు పెరిగింది. ఎందుకు పోయాడు? గట్టిగా ఒక్కసారి అరవకూడదా?

కంపెనీలో విచారణ రోజున మేనేజరు టీ, బిస్కట్లు పెట్టించాడు. వెంకటరామయ్య వాటిని ముట్టుకోకుండా మిషను చూస్తానన్నాడు. అందరూ మిషన్ల షెడ్డులోకి నడిచారు. గాజు తలుపు తళతళ మెరుస్తోంది. టేపు లేదు. స్విచ్చి కొత్తది. మిషను మీద, కార్మికుల భద్రతే తమకు మొదటిదని ఇంగ్లీషులో బోర్డు.

"పనిలో చేరేటప్పుడు, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలో, తమకేం వస్తుందో వీళ్లకి చెప్తారా?" అని అడిగాడు వెంకటరామయ్య.

"హ్యాండ్‌బుక్ ఉంది సార్" అంది రమ్యశ్రీ.

"ఏ భాషలో?"

రమ్యశ్రీ మేనేజరు వైపు చూసింది. మేనేజరు బోర్డు వైపు చూశాడు.

వెంకటరామయ్య మధుబాబు వైపు తిరిగాడు. "ఆ రోజు షిఫ్టు మీదేగా. ఈమె పనిలో ఉందా?"

మధుబాబు తండ్రి కృష్ణాజిల్లా నుంచి రామచంద్రాపురంలో ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, అక్కడే రిటైరయ్యాడు. కొడుక్కి అలాంటి ఉద్యోగం దొరకలేదు. అమీన్‌పూర్‌లో కొన్న ఫ్లాటు అప్పు, చిన్న పిల్లలు. చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ ఇంటి నుంచి పులిహోర తెచ్చేవాడు.

"లేదండి. సెలవు పెట్టింది" అన్నాడు నేల చూస్తూ.

"మధుబాబు సార్" అంది జయశీల. "నా దిక్కు సూసి చెప్పుండ్రి."

అతను తలెత్తలేదు. మిషన్లు నడుస్తున్నాయి. మూతలు టపటపా రాలుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులు ఆడిస్తున్నారే గాని ఎవరూ మూతల్ని చూడడం లేదు.

"ఉండె సార్" అని ఒక గొంతు వినిపించింది. "పనిలనే ఉండె."

శివమ్మ బల్ల దగ్గర నుంచి లేచి నిలబడింది.

"అమ్మా, అప్నా కామ్ కరో" అన్నాడు మేనేజరు.

"కామ్ జేస్తున్న గనుకనే ఎరుక సార్. నేను గీ బల్ల కాడ్నే ఉన్న. ఎర్ర బటను కొట్టింది నేను. నా చున్నీ చుట్టిన, రక్తం ఆగకపాయె. కారుల ఎక్కిచ్చింది గీ మధుబాబు సారే." ఆమె మేనేజరు వైపు చూడకుండా మాట్లాడుతూనే ఉంది. "నేను ఇన్ని దినాలు సప్పుడు జెయ్యలే. భయమైంది. కానీ పిల్ల ఎదురుంగ నిలవడ్డంక గూడ లేదంటే ఎట్ల సార్? కండ్ల ముంగట జరిగిందాయె!"

వెంకటరామయ్య మధుబాబును మళ్లీ అదే ప్రశ్న, అవే మాటల్లో అడిగాడు.

మధుబాబు ఈసారి జయశీల చేతిని చూశాడు. "ఉందండి" అన్నాడు. ఆ ఒక్క మాట బయటపడ్డాక మిగతావి ఆగలేదు. టేపు సంగతి, ఆమె ముందే చెప్పిన సంగతి, రిపోర్టు పంపితే తనిఖీలొస్తాయని పై నుంచి ఆపిన సంగతి, అన్నీ చెప్పేశాడు.

బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర రమ్యశ్రీ ఒంటరిగా నిలబడి ఉంది. జయశీల ఆమె ముందు ఆగింది.

"ఒక్కటి చెప్పు బిడ్డా. గా బర్రె ఎందుకు రాసినవ్? అంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

రమ్యశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను రాయలేదక్కా. నేను చేరకముందు నుంచీ కంప్యూటర్లో ఉన్న లెటరది. ఆ రోజు కౌంటర్లో కూడా అదే చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత పేరూ, తేదీ మార్చి ప్రింటు తీశాను. మిగతాది సరిగ్గా చదవను కూడా లేదు."

అంతవరకూ జయశీల, ఎవరో కూర్చుని, ఆలోచించి, తన మీద పగబట్టి ఆ అబద్ధం అల్లారనుకుంది. తిట్టడానికి ఒక ముఖం ఉందనుకుంది. తీరా చూస్తే తనకోసం ఒక కొత్త అబద్ధం రాసే శ్రద్ధ కూడా ఎవరూ పెట్టలేదు. ఇంకెవరిదో వాడేసిన అబద్ధాన్ని తనకు తొడిగారు.

"సదువుకున్నవ్ గదా" అంది చివరికి. "సదివి పంపరాదు?"

కంపెనీ ప్రమాద రిపోర్టు పంపడానికి ఒప్పుకుంది. నెలలు దాటిపోయాక, ఇంకా ఏదో ఉపకారం చేస్తున్నట్టు, ఆమెను పిలిచి ఒక కాపీ చేతిలో పెట్టారు. జయశీల అక్కడే కూర్చుని మొదటినుంచి చదివింది. తేదీ సరిగా ఉంది. మిషను సరిగా ఉంది. గాయపడినది ఎడమచెయ్యి అని ఉంది.

ఆమె కుడిచెయ్యి పైకెత్తి మేనేజరుకు చూపించింది.

"ఛోటీ మిస్టేక్ హై అమ్మా. చలేగా" అన్నాడు అతను, చిన్న తప్పే, పర్లేదన్నట్టు.

"నై చలేగా సార్" అంది జయశీల. ఇంకోటి రాయించుకుని, ఒకసారి కాదు, రెండుసార్లు చదివి, అప్పుడు లేచింది. అంతసేపూ మేనేజరు వాచీ చూసుకుంటూ కూర్చోవలసి వచ్చింది. జయశీలకు ఆ రోజు కొంచెం ఆకలేసింది.

మెడికల్ బోర్డు డాక్టర్లు ఆమె చెయ్యి పరీక్షించి, శాశ్వతంగా ఎంత పనికిరాకుండా పోయిందో తేల్చారు. ఇప్పుడు నెలనెలా కొంత ఆమె ఖాతాలో పడుతుంది, బతికున్నంత కాలం. పెద్ద మొత్తమేమీ కాదు. సుందర్‌రాజు మొదటి నెల గుడిలో కృతజ్ఞత కానుక వేద్దామంటే, "ఎందుకు? గిది నాకు రావల్సిందే గదా, ఎవ్వరు పెట్టిన దానం గాదు" అని కాసేపు వాదించి, ఆఖరికి వేసింది. కంపెనీకి ఫ్యాక్టరీల శాఖ నుంచి నోటీసులొచ్చాయి. ఊరికెళ్లిపోయిన ఆ మనిషి సంగతి మళ్లీ విచారిస్తామని వెంకటరామయ్య చెప్పాడు గానీ, అతను దొరికిందీ లేనిదీ తెలియకముందే ఆయన రిటైరయ్యాడు. శివమ్మను పనిలోంచి తీసేయలేదు, ఆవరణ ఊడ్చే పనిలో వేశారు. "లోపటి కంటె గాలి మంచిగుంది" అంటుందామె.

మధుబాబు ఉద్యోగం మానేసి వేరేచోట చేరాడు. ఒకసారి ఫోన్ చేసి క్షమించమన్నాడు.

"మీరు రెండోపారి అడిగితే చెప్పిన్రు సార్. మొదటిపారి చెప్పుంటే మంచిగుండు" అంది జయశీల. ఆ తర్వాత, ఉండబట్టలేక, "పిల్లలు బాగున్నరా?" అని అడిగింది.

మిషను పనులకు ఆమెను ఎవరూ తీసుకోలేదు. రుద్రారంలో విద్యార్థుల హాస్టలు వంటశాలలో పని దొరికింది. చేరిన రోజు పొద్దున మెస్ మేనేజరు ఆమెకు పిండి కలిపే మిషను, కూరగాయలు తరిగే మిషను, ఆవిరితో అన్నం వండే పెద్ద పెట్టె చూపించి, అప్రాన్ ఇచ్చాడు.

జయశీల అప్రాన్ కట్టుకోలేదు. "గీడ దెబ్బ తగిలితే ఎవ్వరికి చెప్పాలె సార్? రాసే పుస్తకం ఏడుంది?" అని అడిగింది.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "వంటకొచ్చినవా, తనిఖీకొచ్చినవా?"

"రెంటికి."

"ఆఫీసుల ఉంటది తియ్. తర్వాత సూద్దాం."

"ఇప్పుడే సూద్దాం సార్. పప్పు ఉడికేదాంక టైముంది గదా."

పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. మెస్ మేనేజరు ఏదో గొణుక్కుంటూ, తాళంచెవుల గుత్తి వెతుక్కుంటూ ఆఫీసు వైపు నడిచాడు. జయశీల అతని వెనకాలే వెళ్లింది.